గుర్రమెక్కని బిషప్పులు

ఏడో శతాబ్దపు ఉత్తర ఇంగ్లండులో ఒక రాజు ఒక బిషప్పుకు గుర్రాన్ని కానుకగా ఇచ్చాడు. రాజు పేరు ఆస్విన్, బిషప్పు పేరు ఎయిడన్. ఎయిడన్ ఎక్కడికి పోయినా కాలినడకనే పోయేవాడు. ఏరు అడ్డమొచ్చినప్పుడో, అత్యవసరంగా ఎక్కడికైనా వెళ్ళాల్సి వచ్చినప్పుడో పనికొస్తుందని రాజు మేలుజాతి గుర్రాన్ని ఏరి, రాజలాంఛనాలతో అలంకరించి ఇచ్చాడు. కొన్నాళ్ళకు దారిలో ఓ బిచ్చగాడు ఎదురై చేయి చాచాడు. ఎయిడన్ గుర్రం దిగి, జీనూ కళ్ళెమూ అలంకారాలతో సహా దాన్ని అతనికి ఇప్పించేశాడు.

సంగతి రాజు చెవిన పడింది. భోజనానికి వెళుతూ ఉండబట్టలేక అడిగేశాడు. బిచ్చగాడికి ఇవ్వడానికి మన దగ్గర ఇంతకన్నా తక్కువ రకం గుర్రాలు లేవా, వేరే వస్తువులు లేవా, మీకని ఎంచి ఇచ్చినదాన్నే ధారపోయాలా అని. ఆ మాటలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మనసుపడి ఇచ్చినవాడికి ఆమాత్రం చివుక్కుమనడం సహజమే. ఎయిడన్ జవాబు మాత్రం మెత్తగా లేదు. ఆడగుర్రం కన్న పిల్లపాటి చేయడా దేవుడు కన్న బిడ్డ అని ఎదురు ప్రశ్న వేసి, లోపలికి వెళ్ళి తన స్థానంలో కూర్చున్నాడు. వేటనుంచి వచ్చిన రాజు పరివారంతో పాటు మంట దగ్గర నిలబడి ఒళ్ళు కాచుకుంటున్నాడు. ఉన్నట్టుండి నడుముకున్న కత్తి విప్పి పక్కవాడి చేతికిచ్చి, గబగబా వచ్చి బిషప్పు కాళ్ళ మీద పడ్డాడు. ఇకమీదట మీరు మా సొత్తులో దేవుడి బిడ్డలకు ఏమిచ్చినా, ఎంతిచ్చినా నోరెత్తనన్నాడు. ఎయిడన్ కంగారుగా లేచి ఆయన్ని పైకెత్తి, కూర్చుని భోంచేయమని బతిమాలాడు.

రాజు మనసు తేలికపడి నవ్వుతూ తింటున్నాడు. బిషప్పు కంట మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి. పక్కనున్న గురువు, రాజుకు అర్థంకాని ఐరిష్ భాషలో, ఎందుకని అడిగాడు. ఇంత వినయమున్న రాజును నేనెన్నడూ చూడలేదు, ఈయన ఎక్కువకాలం బతకడు అన్నాడు ఎయిడన్. అలాగే అయింది. 651 ఆగస్టు 20న పొరుగు రాజు ఆస్వీ, తలదాచుకున్న ఆస్విన్‌ను ఆశ్రయమిచ్చినవాడి ద్రోహంతోనే పట్టి చంపించాడు. పన్నెండో రోజున, ఆగస్టు 31న, ఎయిడన్ కూడా వెళ్ళిపోయాడు. (ఆస్విన్, ఆస్వీ, ఇంకాసేపటికి రాబోయే ఆస్వాల్డ్. ఒకే మొదటి శబ్దంతో పేర్లు పెట్టుకోవడం ఆ రాజకుటుంబాలకు ముచ్చట కావచ్చు, చదివేవాళ్ళకు మాత్రం చిక్కు.)

ఈ కథను మనకు దక్కించినవాడు బీడ్. ఏడేళ్ళ వయసులో బంధువులు తీసుకెళ్ళి మఠంలో అప్పగిస్తే, అరవై దాటాక అదే మఠంలో కన్నుమూసిన పండితుడు. ఆయన బతికిన జారో, దాని జంట మఠం వేర్‌మత్ రెండూ ఈశాన్య ఇంగ్లండులో నదీముఖాల దగ్గర ఉన్నాయి. వాటిని స్థాపించిన బెనెడిక్ట్ బిస్కప్ రోముకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి పుస్తకాలు మోసుకొచ్చాడు, కిటికీలకు గాజు బిగించడానికి గాల్ దేశంనుంచి పనివాళ్ళను రప్పించాడు. 686 ప్రాంతంలో మహమ్మారి వచ్చి మఠాన్ని ఊడ్చేసినప్పుడు, ప్రార్థనలు పాడగలిగినవాళ్ళు మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్, ఒక చిన్న కుర్రాడు మాత్రమే మిగిలారట. ఇద్దరికీ భారమై కీర్తనల్లో కొన్ని భాగాలు వదిలేశారు. వారం గడిచేసరికి అలా కుదించి పాడడం దుఃఖమనిపించి, మళ్ళీ మొత్తం పాడడం మొదలుపెట్టారు. ఆ కుర్రాడు బీడే అని చాలామంది చరిత్రకారుల నమ్మకం.

731లో ఆయన లాటిన్‌లో పూర్తిచేసిన ఆంగ్లజాతి క్రైస్తవ సంఘ చరిత్ర అయిదు భాగాల గ్రంథం. క్రీస్తుశకం అని సంవత్సరాలు లెక్కపెట్టే పద్ధతి పడమటి ఐరోపాలో పాదుకోవడానికి బీడ్ పుస్తకాలు ముఖ్యకారణం. అద్భుతాలు కావలసినన్ని ఉన్నాయి అందులో. ఎయిడన్ ప్రాణం పోయేటప్పుడు ఆనుకున్న చెక్కమొద్దును రెండు అగ్నిప్రమాదాలూ ముట్టలేదంటాడు. దాని పేళ్ళు నీళ్ళలో వేసి తాగితే జబ్బులు నయమయ్యాయంటాడు. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు. నాకు మాత్రం ఆ పుస్తకాన్ని ఇన్ని వందల ఏళ్ళు నిలబెట్టినవి చిన్న చిన్న మానవ చేష్టలే అనిపిస్తుంది. ఒకాయన గుర్రం దిగడం, ఒకాయన కుర్చీలోంచి లేవకపోవడం, మరొకాయన ఇంకొకరిని గుర్రమెక్కించడం.

గుర్రం దిగడానికి బీడ్ చెప్పే కారణం వినయం ఒక్కటే అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది. ఆయన చెప్పేది ఇంకా ఆచరణాత్మకంగా ఉంటుంది. నడిచిపోతే దారిలో కనిపించిన ప్రతివాడి దగ్గరా ఆగవచ్చు. ధనికుడైనా పేదైనా పక్కకు తిరిగి పలకరించవచ్చు. ఇంకా విశ్వాసి కానివాణ్ణి పిలవవచ్చు, అయినవాడికి ధైర్యం చెప్పవచ్చు. నడకంటే ఎయిడన్‌కు పని. వెంట నడిచేవాళ్ళకు కూడా తీరిక ఉండేది కాదు. మఠవాసి అయినా మామూలు మనిషైనా దారిపొడవునా కీర్తనలు వల్లెవేయాలి, లేదా లేఖనాలు చదవాలి. రాజు విందుకు పిలిస్తే ఒకరిద్దరితో వెళ్ళి, నాలుగు ముద్దలు తిని తొందరగా లేచి వచ్చేసేవాడు. పెద్దమనుషులు ఇంటికొస్తే భోజనం పెట్టేవాడు గాని డబ్బు ముట్టజెప్పేవాడు కాదు. ధనవంతులు ఇచ్చిన డబ్బు పేదలకైనా వెళ్ళేది, అన్యాయంగా అమ్ముడుపోయిన బానిసలను విడిపించడానికైనా వెళ్ళేది. అలా విడిపించినవాళ్ళలో పలువురిని శిష్యులుగా చేర్చుకుని, చదివించి గురువులను చేశాడు.

ఆయన ఆ దేశానికి వచ్చిన తీరూ అలాంటిదే. ప్రవాసంలో ఐరిష్ మఠవాసుల దగ్గర క్రైస్తవం స్వీకరించిన ఆస్వాల్డ్, రాజయ్యాక బిషప్పును పంపమని వాళ్ళనే అడిగాడు. స్కాట్లండు పడమటి తీరంలోని అయోనా దీవినుంచి మొదట వచ్చినాయన కఠినుడు. కొన్నాళ్ళకే తిరిగిపోయి, వాళ్ళు మాట వినని మొరటు జనం, మనవల్ల కాదని సభలో చెప్పేశాడు. సభలో కూర్చున్న ఎయిడన్, మీరు చదువురాని శ్రోతల మీద మరీ కఠినంగా ప్రవర్తించారేమో, పసిబిడ్డకు ముందు పాలు పట్టాలి కదా అన్నాడు. అందరి చూపూ ఆయన వైపు తిరిగింది. 635లో ఆయననే పంపారు. సలహా ఇచ్చినవాడి నెత్తినే పని పడడం సభల్లో కొత్తేమీ కాదు. వచ్చినవాడికి ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఆయన బోధిస్తుంటే ఆస్వాల్డ్ రాజే పక్కన నిలబడి తన సర్దారులకు మాట మాటా తర్జుమా చేసి చెప్పేవాడు. బిషప్పు కోసం సముద్రపు పోటుకు దీవిగా, ఆటుకు నేలగా మారే లిండిస్‌ఫార్న్‌ను ఇచ్చాడు.

ఇంత ఆప్యాయంగా రాసిన బీడ్, ఎయిడన్‌తో ఏకీభవించేవాడనుకుంటే పొరపాటే. ఈస్టర్ పండుగ ఏ ఆదివారం చేయాలన్న లెక్కలో ఐరిష్ సంప్రదాయం ఒకటి, రోము సంప్రదాయం మరొకటి. ఇది మనకు పంచాంగ వివాదంలా కనిపించవచ్చు గాని, బీడ్ జీవితమంతా కూర్చున్నది ఆ లెక్కలతోనే. 725లో కాలగణన మీద పెద్ద గ్రంథమే రాశాడు. అంచేత ఎయిడన్ జీవితం చెప్పడం ముగించాక ఒక్క క్షణం ఆగి, ఈస్టర్ విషయంలో ఆయన తెలియనితనాన్ని నేను మెచ్చుకోవడం లేదు సరికదా, గట్టిగా అసహ్యించుకుంటాను అని నిర్మొహమాటంగా చెబుతాడు. ఆ వెంటనే, నిజాయితీగల చరిత్రకారుడిగా ఆయనలో మెచ్చదగ్గవాటిని మెచ్చుకుంటానని, ఆ మంచి గుణాలను ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు. ప్రత్యర్థి పక్షంవాడి గుణగణాలు రాయాల్సి వస్తే మన కలాలు ఎలా వణుకుతాయో తెలిసినవాళ్ళకు ఈ పేజీ విలువ తెలుస్తుంది. ఆ గుర్రం కథ రాసింది ఎయిడన్ శిష్యుడు కాదు, ఆయన పద్ధతి తప్పని నమ్మినవాడు.

సొంత పక్షం వాళ్ళ విషయంలోనూ బీడ్ చేయి ఆగలేదు. 597లో పోప్ గ్రెగొరీ పంపగా సుమారు నలభైమందితో కెంట్ తీరాన దిగిన అగస్టీన్, కాంటర్‌బరీకి మొదటి ఆర్చిబిషప్పు, ఇంగ్లండులో రోము సంప్రదాయానికి మూలపురుషుడు. ఆయన్ని ఎథెల్‌బర్ట్ రాజు మొదటిసారి ఆరుబయట కలుసుకున్నాడట. నాలుగు గోడల మధ్య అయితే ఈ కొత్తవాళ్ళు ఏదైనా మంత్రం వేస్తారేమోనని భయం. అంత భయపడిన రాజే చివరికి వాళ్ళకు ఊళ్ళో చోటిచ్చి, తిండిగింజలిచ్చి, ప్రచారం చేసుకోమన్నాడు. తలుపు తెరిపించడం అగస్టీన్‌కు తెలుసు. బ్రిటన్ల దగ్గర మాత్రం తేలిపోయాడు.

దీవికి పడమట తమ సొంత క్రైస్తవ సంఘంతో చాలాకాలంగా ఉన్న బ్రిటన్ల బిషప్పులను కలుపుకుందామని అగస్టీన్ సభ పిలిచాడు. వాళ్ళు రెండో సభకు బయల్దేరే ముందు ఒక ఏకాంతవాసి దగ్గరికి వెళ్ళి, ఈయన మాట వినాలా వద్దా అని అడిగారు. ఆయన దైవజనుడైతే వినండి అన్నాడు. ఎలా తెలుస్తుందన్నారు. ఆయన్ని ముందే వచ్చి కూర్చోనివ్వండి, మీరు తరువాత వెళ్ళండి, మిమ్మల్ని చూసి లేచి నిలబడితే వినండి, లేవకపోతే మీరూ లెక్కచేయకండి అన్నాడు. ఏడుగురు బిషప్పులు లోపలికి వెళ్ళారు. అగస్టీన్ కుర్చీలోంచి లేవలేదు. సభ అక్కడితో చెడింది. ఇంటికొచ్చిన పెద్దలకు లేచి ఎదురువెళ్ళడం నేర్పి పెంచే మన ఇళ్ళలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

బీడ్ పూర్తిగా అగస్టీన్ వైపే. అయినా ఎదుటి పక్షం చెప్పుకునే ఈ కథను దాచలేదు. తరువాత పేజీలో మాత్రం నాకు ఆయన మింగుడుపడడు. చెస్టర్ దగ్గర అన్యమతస్థుడైన ఎథెల్‌ఫ్రిత్ రాజు, ప్రార్థనలు చేయడానికి వచ్చిన బ్రిటన్ మఠవాసులను పన్నెండువందలమంది దాకా నరికించాడని రాసి, అది సభ చెడినప్పుడు అగస్టీన్ చేసిన హెచ్చరిక నెరవేరడమేనన్నట్టు ముగిస్తాడు. ఎయిడన్‌కు చూపిన న్యాయబుద్ధి బ్రిటన్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైందో. పాత పగలు పండితులనూ వదలవు.

గుర్రం మళ్ళీ చాడ్ కథలో వస్తుంది. చాడ్ ఎయిడన్ దగ్గర చదువుకున్నవాడు. యార్క్ బిషప్పుగా ఉండగా 669లో కొత్త ఆర్చిబిషప్పు థియోడోర్ దేశానికి వచ్చాడు. ఈయన సొంతూరు పౌలు పుట్టిన టార్సస్. ఆ పదవికి పోప్ మొదట ఎంచినవాడు హేడ్రియన్ అనే ఆఫ్రికావాసి. ఆయన తనకు వద్దని థియోడోర్‌ను చూపించాడు. పోప్ సరేనంటూనే, వెంట నువ్వూ వెళ్ళాలన్నాడు. ఇద్దరూ కలిసి కాంటర్‌బరీలో నడిపిన బడిలో చదివినవాళ్ళకు గ్రీకు, లాటిన్ మాతృభాషంత సునాయాసంగా వచ్చేవని బీడ్ అంటాడు. బిషప్పుగా అభిషేకం పొందేనాటికే థియోడోర్‌కు 66 ఏళ్ళు. ఆ వయసులో ఇంగ్లండు చలికి వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు.

వచ్చీరాగానే లెక్కలు సరిచూస్తూ, నీ అభిషేకం సక్రమంగా జరగలేదని చాడ్‌తో అన్నాడు. నిజమే కూడా. అభిషేకించిన ముగ్గురిలో ఇద్దరు బ్రిటన్ బిషప్పులు. చాడ్ వాదించలేదు. సక్రమం కాదని మీకనిపిస్తే సంతోషంగా దిగిపోతాను, నేనెప్పుడూ ఈ పదవికి తగినవాణ్ణనుకోలేదు, ఆజ్ఞ కనుక ఒప్పుకున్నాను అన్నాడు. థియోడోర్ కదిలిపోయి, బిషప్పుగా ఉండడం మానక్కర్లేదని లోటు తీర్చి మళ్ళీ అభిషేకించాడు. యార్క్ పీఠం విల్‌ఫ్రిడ్‌కు దక్కింది. చాడ్ తన పాత మఠానికి తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. మెర్సియా రాజు తమకొక బిషప్పు కావాలని అడిగినప్పుడు థియోడోర్‌కు గుర్తొచ్చింది ఆయనే.

మెర్సియా అంటే ఇంగ్లండు నడిబొడ్డున పరుచుకున్న పెద్ద రాజ్యం. లిచ్‌ఫీల్డ్‌లో పీఠం పెట్టిన చాడ్, గురువులాగే అంతా నడిచి తిరగాలనుకున్నాడు. దూరప్రయాణాలకు గుర్రమెక్కాల్సిందేనని థియోడోర్ ఆజ్ఞాపించాడు. చాడ్ ససేమిరా అన్నాడు. అప్పుడు ఆ వృద్ధుడు, ఇంగ్లండు మొత్తానికీ పెద్ద అయిన ఆర్చిబిషప్పు, తన చేతులతో ఆయన్ని పైకెత్తి గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఇక్కడ మనకు పెద్దన గుర్తురాక మానడు. మనుచరిత్ర అందుకున్నవేళ రాయలు తన పల్లకిని స్వయంగా చేతితో ఎత్తాడని పెద్దన చివరిదాకా తలచుకుని కుమిలాడు. చాడ్‌కు అలా తలచుకునే సరదా ఉన్నట్టు కనబడదు. ఆయనకు అది తప్పించుకోలేని ఆజ్ఞ.

ఎవరిది సరైన మాట? ఎయిడన్ పక్షాన చదువుకుంటూ వచ్చినవాళ్ళం కనుక చాడ్ వైపే మొగ్గుతాం. కానీ థియోడోర్ వాదన తేలిగ్గా తోసేసేది కాదు. అంత రాజ్యంలో ఒక్క బిషప్పు కాలినడకన తిరిగితే దారిలోని ఊళ్ళకు భాగ్యం, దారికి దూరంగా ఉన్నవాళ్ళకు ఎదురుచూపు. దగ్గరితనం కావాలా, చేరుకోవడం కావాలా అన్న ప్రశ్న జిల్లాల్లో పర్యటించే ప్రతి అధికారికీ ఎదురవుతుంది. బీడ్ తీర్పు చెప్పలేదు. ఎక్కించినవాణ్ణీ, ఎక్కనన్నవాణ్ణీ ఇద్దరినీ మెచ్చుకుంటూనే రాశాడు.

లిచ్‌ఫీల్డ్‌లో చాడ్ బిషప్పుగా ఉన్నది రెండున్నరేళ్ళే. 672 మార్చి 2న మహమ్మారిలో పోయాడు. ఆఖరి రోజుల్లో చుట్టూ ఉన్నవాళ్ళతో, మన సోదరుల దగ్గరికి వస్తూపోతూ ఉండే ఆ ప్రియమైన అతిథి ఇవాళ నా దగ్గరికీ వచ్చాడన్నాడు. మరణాన్ని గురించి. ఆయన గది మీద పాట వినిపించిందని చెప్పినవాడు ఓవిన్ అనే మఠవాసి. ఒకప్పుడు రాణిగారి ఇంటి పెత్తనం చూసినవాడు. అన్నీ వదిలేసి, గొడ్డలీ బాడిసా చేతబట్టుకుని మఠం గుమ్మంలోకి వచ్చాడు, కూర్చుని తినడానికి రాలేదు పనికే వచ్చానని అందరికీ తెలిసేలా. మిగతావాళ్ళు లోపల చదువుకుంటుంటే బయట పని చేసుకునేవాడు. చాడ్ సమాధి ఇంటి ఆకారంలో చెక్కతో కట్టింది. పక్కన చిన్న కంత. జనం అందులో చేయిపెట్టి కాస్త మట్టి తీసి, నీళ్ళలో కలిపి జబ్బు చేసిన మనుషులకూ పశువులకూ పట్టేవారు.

యార్క్ పీఠం దక్కిన విల్‌ఫ్రిడ్ సంగతి వేరు. గాల్‌లో అభిషేకం రోజున బిషప్పులు ఆయన్ని బంగారు ఆసనం మీద మోశారని ఆయన జీవితకథ రాసిన స్టీఫెన్ మురిసిపోతూ చెబుతాడు. లెక్కలేనన్ని మఠాలు, రాజుగారి దండు లాంటి పరివారం. రాణికి కన్నుకుట్టి రాజు చెవిలో ఊదిందంటారు. రాజులతో తగాదాలు, దేశబహిష్కారాలు, రోముకు ఫిర్యాదులు. ఈయన గుర్రం దిగే రకం కాదు. అయితే అలా వెళ్ళగొట్టగా దక్షిణ తీరాన ససెక్స్ చేరినప్పుడు, మూడేళ్ళుగా వాన లేక అక్కడ జనం నలభై యాభైమంది చొప్పున చేతులు పట్టుకుని కొండకొమ్ముమీంచి సముద్రంలోకి దూకుతున్నారట. ఎదుట సముద్రం నిండా చేపలు. వాళ్ళకు పట్టడం తెలిసింది ఏటి మలుగులను మాత్రమే. విల్‌ఫ్రిడ్ మనుషులు ఆ మలుగు వలలన్నీ పోగుచేసి సముద్రంలో వేస్తే మూడువందల చేపలు పడ్డాయి. వంద పేదలకు, వంద వల ఇచ్చినవాళ్ళకు, వంద తమకు. రాజు ఇచ్చిన సెల్సీ భూమితో పాటు వచ్చిన 250 మంది బానిస స్త్రీపురుషులకు జ్ఞానస్నానమిచ్చి, స్వేచ్ఛ కూడా ఇచ్చాడు. బంగారు ఆసనం సంగతి వదిలేసి, చేపల పంపకాన్ని అంత ఇష్టంగా రాయడంలో బీడ్ మనసు తెలుస్తుంది.

664లో ఈస్టర్ తగవు తేల్చిన సభ విట్బీలో, మఠాధ్యక్షురాలు హిల్డా ఆవరణలో జరిగింది. రాజు ఆస్వీ పండుగ విందు చేసుకుంటుంటే రాణి ఇంకా ఉపవాసంలో ఉండాల్సిన పరిస్థితి ఆ అంతఃపురానిది. తీర్పు రోము వైపు వచ్చింది. ఐరిష్ పక్షాన నిలిచిన హిల్డా ఓడిపోయినా మఠాన్ని వదల్లేదు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళలో అయిదుగురు బిషప్పులయ్యారు. రాజులూ సలహాకు వచ్చేవారు. తెలిసినవాళ్ళందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవారు.

ఓడిపోయి లిండిస్‌ఫార్న్ వదిలిపోయినవాళ్ళు వెనక వదిలినవి నాలుగు గుడిసెలు, కాసిని పశువులు. డబ్బన్నది లేదు. ఆ దీవి మఠానికే తరువాత పెద్దయ్యాడు కత్‌బర్ట్. కొత్త ఈస్టర్‌ను ఒప్పుకున్నాడు, పాత నడకను వదల్లేదు. మెల్రోజ్ మఠంలో ఉండగా అప్పుడప్పుడూ గుర్రం మీద, ఎక్కువగా కాలినడకన కొండపల్లెలకు పోయేవాడు. ఆ దారులూ ఆ దరిద్రమూ చూసి మిగతా బోధకులు భయపడిపోయే ఊళ్ళవి. వెళ్ళినవాడు వారం, రెండువారాలు, ఒక్కోసారి నెల దాకా తిరిగొచ్చేవాడు కాదు. చివరికి ఫార్న్ దీవిలో ఒంటరిగా గోడ కట్టుకుని కూర్చుంటే, 684లో రాజు స్వయంగా పడవెక్కి వచ్చి మోకరించి బిషప్పుగా రమ్మన్నాడు. బిషప్పయిన రెండేళ్ళలోపే మళ్ళీ దీవికి చేరాడు. తుఫాను వల్ల అయిదురోజులు ఎవరూ వెళ్ళలేకపోయి, తరువాత వెళ్ళి చూస్తే, జబ్బుపడి ఉన్న మనిషి పక్కన అయిదు ఉల్లిపాయలు. ఆ అయిదు రోజులకూ అదే ఆహారం. ఒకదాన్ని మాత్రం కాస్త కొరికి ఉంది. 687 మార్చి 20న పోయాడు.

ఇంతమంది నడకలు రాసిన బీడ్ పెద్దగా నడిచినవాడు కాదు. కాంటర్‌బరీ కబుర్లు అక్కడి మఠాధిపతి ఆల్బినస్ చెప్పి పంపితే, లండన్ గురువు నోథెల్మ్ రోముకు వెళ్ళి పాత ఉత్తరాల నకళ్ళు తెచ్చిస్తే, కూర్చున్నచోటినుంచే రాశాడు. ఎవరు చెప్పారో పేరుపేరునా ముందుమాటలో పెట్టాడు. 735 మే నెలలో ఊపిరందని స్థితిలో యోహాను సువార్తను ఇంగ్లీషులోకి చెబుతూ రాయిస్తూ, తన చిన్న పెట్టె తెప్పించి, అందులోని మిరియాలు, బట్టలు, సాంబ్రాణి తోటి గురువులకు పంచిపెట్టాడు. ఆ మిరియాలకు పుట్టిల్లు మన మలబారు తీరం. ఎన్ని ఓడలు, ఎన్ని సంతలు మారి జారో చేరాయో. (883లో ఆల్‌ఫ్రెడ్ రాజు సిగెల్మ్ అనేవాడి చేత భారతదేశంలోని తోమా క్షేత్రానికి మొక్కు కానుకలు పంపాడని ఆంగ్లో-శాక్సన్ వృత్తాంతం చెబుతుంది. అది ఇండియా కాదు, యూదయా అని వాదించే పండితులూ ఉన్నారు.)

పోవడానికి ఆరునెలల ముందు, 734 నవంబరు 5న, బీడ్ యార్క్ బిషప్పు ఎగ్‌బర్ట్‌కు ఒక ఉత్తరం రాశాడు. స్వయంగా వచ్చి మాట్లాడదామనుకున్నాను, ఒంట్లో బాగోక రాలేకపోతున్నాను అని మొదలవుతుంది. చరిత్రగ్రంథంలో అరుదుగా తప్ప గొంతు పెంచని మనిషి ఇందులో మొహమాటం పూర్తిగా విడిచాడు. కొందరు బిషప్పుల చుట్టూ భక్తిపరులు లేరు, నవ్వించేవాళ్ళు, కథలు చెప్పేవాళ్ళు, తిని తాగేవాళ్ళు ఉన్నారంటాడు. కొండల్లో, అడవుల్లో ఉన్న ఎన్నో పల్లెలు ఏళ్ళ తరబడి బిషప్పు ముఖం చూడలేదు, అయినా బిషప్పుకు చెల్లించాల్సిన పన్నునుంచి ఆ పల్లెల్లో ఒక్కరికీ మినహాయింపు లేదంటాడు. ఎంత భూమి చేతికింద ఉంటే అంత రాబడి కనుక, తిరగలేనంత మేర తమ కింద ఉంచుకుంటున్నారన్నది ఆయన ఆరోపణ. పేరుకు మఠాలు పెట్టి భూములు రాయించుకుంటున్న సర్దారులనూ వదల్లేదు. లాటిన్ రాని గురువుల కోసం విశ్వాస ప్రమాణాన్నీ పరలోక ప్రార్థననూ తానే ఇంగ్లీషు చేసి ఇచ్చానంటాడు.

ఈ ఉత్తరం చదివాక మళ్ళీ చరిత్ర తిరగేస్తే ఎయిడన్ నడక వేరేలా కనిపిస్తుంది. ఎనభయ్యేళ్ళ కిందటి మనిషి ఎంత తక్కువ తిన్నాడో, ఎవరికి డబ్బు ఇవ్వలేదో, ఎక్కడెక్కడ ఆగాడో అంత వివరంగా బీడ్ ఎవరికోసం రాశాడో తెలిసిపోతుంది. ఎయిడన్ రోజులకూ మన రోజుల సోమరితనానికీ ఎంత తేడానో అని ఒకచోట తానే నోరు జారాడు కూడా. పొగిడింది పోయినవాళ్ళను, తగిలింది ఉన్నవాళ్ళకు. 731లో ఆ పని కథలతో చేసి, ఫలితం లేదని తోచాక 734లో ఉత్తరంతో చేశాడు.

ఉత్తరంలో అసలు కోరిక ఒకటుంది. ఉత్తరాదికి పన్నెండుమంది బిషప్పులు ఉండాలని ఎప్పుడో పోప్ గ్రెగొరీ అనుకున్నాడు. అప్పటికి ఉన్నవి యార్క్, లిండిస్‌ఫార్న్, హెక్సం, విట్‌హార్న్, నాలుగే పీఠాలు. వాటిని విడగొట్టి పెంచితే ఒక్కొక్కరి మేర తగ్గుతుంది, గుర్రం ఎక్కినా ఎక్కకపోయినా పల్లెలను చేరుకోవచ్చు. ఎగ్‌బర్ట్‌కు చేతకాని పని కాదది. మరుసటి ఏడే ఆయన ఆర్చిబిషప్పు అయ్యాడు. 737లో సొంత సోదరుడు రాజయ్యాడు. పీఠం, సింహాసనం రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అయినా కొత్త పీఠం ఒక్కటీ రాలేదు. ఉన్న నాలుగింటిలో హెక్సం తొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది, 875లో వైకింగుల భయానికి లిండిస్‌ఫార్న్ వాళ్ళు కత్‌బర్ట్ శవపేటిక భుజానికెత్తుకుని దీవి ఖాళీ చేశారు. యార్క్‌లో మాత్రం ఎగ్‌బర్ట్ హయాంలో మంచి బడి నడిచింది, గ్రంథాలయం బాగా పెరిగింది.